పాత డెస్క్‌టాప్ ఓవర్‌క్లాకింగ్: మీ మదర్‌బోర్డు ఎంతవరకు మోస్తుందో ఇలా తేల్చుకోండి

ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడు కన్నా ఎక్కువ స్పీడులో నడపడమే ఓవర్‌క్లాకింగ్. ఇంటెల్ ప్రాసెసర్ ఐ5-2500కె అలా ఎంతవరకు వెళ్తుంది అని అడిగితే చాలామంది తడుముకోకుండా 4.5 గిగాహెర్ట్జ్ అనేస్తారు. చిప్ వరకు ఆ మాట నిజమే, 2011 జనవరిలో వచ్చిన ఆ ప్రాసెసర్ సరైన చోట కూర్చుంటే ఇవాళ్టికీ ఆ స్పీడు అందుకుంటుంది. కానీ అది కూర్చున్న బోర్డు ఏంటి, దానికి కరెంటు అందించే భాగం ఎంత గట్టిది అని అడిగేవాళ్లు తక్కువ. పాత సిస్టమ్‌లో అసలు హద్దు అక్కడే ఉంటుంది. నేను చెన్నైలో, చూలైమేడులో పై అంతస్తులో ఉంటాను, మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ తిరుగుతున్నా గదిలో 37 డిగ్రీలు ఉంటుంది. ఆ వేడిలో రెండు బోర్డులు వాడి, అందులో ఒకదాన్ని పోగొట్టుకుని నేర్చుకున్నది మీకు వరసగా చెప్తాను.

ఎక్కువగా ఇంటెల్ రెండో తరం, మూడో తరం సిస్టమ్‌ల గురించే మాట్లాడతాను. ఇళ్లల్లో మూలన పడి ఉన్నవీ, ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరికేవీ అవే కాబట్టి.

ముందు చిప్‌సెట్ చూడండి

చిప్‌సెట్ అంటే ప్రాసెసర్‌ని మిగతా భాగాలతో కలిపే, బోర్డు మీది చిప్. సీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ దించుకుని మెయిన్‌బోర్డ్ ట్యాబ్ తెరవండి. అక్కడ పీ67, జడ్68, జడ్75, జడ్77 వీటిల్లో ఏదైనా కనిపిస్తే ముందుకు వెళ్లొచ్చు. హెచ్61, హెచ్67, బీ75, హెచ్77 అని ఉంటే మాత్రం మల్టిప్లయర్ (100 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్‌ని ఎంతతో గుణిస్తే ప్రాసెసర్ స్పీడు వస్తుందో ఆ అంకె) పెంచే దారి ఇంటెల్ మూసేసినట్టే, ప్రాసెసర్ పేరు చివర స్పీడు పెంచుకోవచ్చని చెప్పే కె ఉన్నా సరే. ఇది తెలియక 2500కె, హెచ్61 బోర్డు జతగా కొనేసి ఇంటికి తెచ్చుకుంటారు. బోర్డు చక్కగా పనిచేస్తుంది, సిస్టమ్ ఆన్ అవుతుంది, బయోస్‌లో (ఆన్ చేయగానే తెరుచుకునే బోర్డు సెట్టింగ్‌ల పేజీల్లో) ఆ ఆప్షన్ కోసం గంటసేపు వెతుకుతారు. అది ఉండదు. హెచ్61 బోర్డులు ఇప్పటికీ కొత్త డబ్బాల్లో అమ్ముతున్నారు, కొత్తది కదా అని ఓవర్‌క్లాకింగ్ కోసం దాన్ని తీసుకోకండి.

మల్టిప్లయర్ లేకపోతే బేస్ క్లాక్ పెంచుకోవచ్చు కదా అనుకుంటారు కొందరు. ఈ తరంలో ఆ 100 మెగాహెర్ట్జ్ క్లాక్ ఒక్క ప్రాసెసర్‌ది కాదు. గ్రాఫిక్స్ కార్డు కూర్చునే పీసీఐ ఎక్స్‌ప్రెస్, డిస్కులు తగిలించే సాటా, యూఎస్‌బీ అన్నీ దానికే కట్టి ఉంటాయి. 103, 105 దాకా లాగొచ్చేమో, దానివల్ల వచ్చేది ఐదు శాతం. పోయేది హార్డ్ డిస్క్‌లో ఫైళ్లు. ఆ బేరం వద్దు.

కె లేని ఐ5, ఐ7 ఉన్నవాళ్లకి ఒక మంచి మాట. పీ67 లేదా జడ్ బోర్డు ఉంటే ఈ రెండు తరాల్లో టర్బో స్పీడు (పని పడినప్పుడు ప్రాసెసర్ తనంతట తాను ఎక్కే స్పీడు) మీద ఇంకో 4 మెట్లు, అంటే 400 మెగాహెర్ట్జ్ పెంచుకోవచ్చు. ఐ5-2400 టర్బోలో 3.4 దాకా వెళ్తుంది, దాన్ని ఒక్క కోర్ పనిలో 3.8 దాకా తీసుకెళ్లొచ్చు. దీనికోసం బోర్డును పెద్దగా కష్టపెట్టాల్సిన పని కూడా ఉండదు.

సెకండ్ హ్యాండ్ పీ67 బోర్డు కొనేవాళ్లు ఇంకొకటి చూసుకోండి. 2011 జనవరి 31న ఇంటెల్ తన 6 సిరీస్ (పీ67 లాంటివి) చిప్‌సెట్‌లో లోపం ఉందని ప్రకటించి వాటిని వెనక్కి తీసుకుంది. మొదట వచ్చిన బీ2 రకంలో 3 గిగాబిట్ సాటా పోర్టులు వాడకంలో మెల్లగా దెబ్బతింటాయి, తర్వాత వచ్చిన బీ3 లో సరిచేశారు. డబ్బా మీదో, సీపీయూ-జడ్‌లో రివిజన్ దగ్గరో బీ3 అని కనిపిస్తే తీసుకోండి. బీ2 బోర్డు ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే డిస్కులను 6 గిగాబిట్ పోర్టులకు మార్చుకోండి, వాటికి ఆ లోపం లేదు.

క్యాబినెట్ తెరిచి, ప్రాసెసర్ చుట్టూ చూడండి

ఈ పనికి కనీసం అరగంట ఇవ్వండి. పవర్ తీసేసి, క్యాబినెట్‌ని పడుకోబెట్టి, సెల్‌ఫోన్ టార్చ్ పెట్టుకుని సాకెట్‌కి ఎడమ పక్కన, పై పక్కన చూడండి. వరసగా చిన్న చదరపు డబ్బాలు ఉంటాయి, అవి చోక్‌లు. వాటి పక్కనే నల్లటి బిళ్లలు, అవి మోస్‌ఫెట్‌లు. మధ్యలో నిలబడ్డ గుండ్రటి డబ్బాలు కెపాసిటర్లు. ఈ మూడూ కలిసి ఎస్‌ఎమ్‌పీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై) పంపే 12 వోల్టుల్ని ప్రాసెసర్‌కి కావలసిన 1.2 వోల్టులకి దించుతాయి. దీన్నే వీఆర్ఎం అంటారు. మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ చేసే పనే ఇదీ. ఇంట్లో మీరు ఎంత మంచి ఏసీ పెట్టుకున్నా ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోకపోతే వీధంతా చీకటి.

లెక్క వేస్తే ఎందుకు భయపడాలో తెలుస్తుంది. 2500కె కి ఇంటెల్ చెప్పిన పవర్ 95 వాట్లు. స్పీడు పెరిగిన కొద్దీ పవర్ అదే లెక్కన పెరుగుతుంది, వోల్టేజ్ పెంచితే మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 3.3 నుంచి 4.5 గిగాహెర్ట్జ్‌కి, 1.2 నుంచి 1.35 వోల్టులకి తీసుకెళ్లారనుకోండి, పవర్ దాదాపు 1.7 రెట్లు, అంటే 160 వాట్ల పైన. 1.35 వోల్టుల దగ్గర అన్ని వాట్లంటే సుమారు 120 ఆంపియర్లు. మన ఇంటి గీజర్ లాగేది 9, 10 ఆంపియర్లు. ఆ 120 ఆంపియర్లు గోరంత నల్లబిళ్లల్లోంచి పోవాలి.

అందుకే చోక్‌లు లెక్కపెట్టండి. మామూలుగా ఒక్కో చోక్ ఒక్కో ఫేజ్, అంటే కరెంటుని పంచుకునే ఒక్కో దారి, అందులో ఒకటో రెండో ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కోసం పోతాయి. ప్రాసెసర్‌కి మిగిలినవి నాలుగే అయితే ఒక్కోదాని మీద 30 ఆంపియర్లు పడుతుంది, ఎనిమిది ఉంటే 15. కరెంటు సగమైతే దానివల్ల పుట్టే వేడి ఒక్కో ఫేజ్‌లో నాలుగో వంతు అవుతుంది. అందుకని ఫేజ్‌ల సంఖ్యలో చిన్న తేడా కూడా వేడిలో చాలా పెద్దదై కూర్చుంటుంది. మోస్‌ఫెట్‌ల మీద అల్యూమినియం హీట్‌సింక్ ఉందా, లేదా బిళ్లలు బోసిగా కనిపిస్తున్నాయా చూడండి. బోసిగా ఉండి, నాలుగే ఫేజ్‌లైతే 4.5 అనే అంకెని మనసులోంచి తీసేయండి. 4.0, 4.2 దగ్గర ఆ బోర్డు ఇంకొన్నేళ్లు మీకు సేవ చేస్తుంది.

ఇప్పుడు కెపాసిటర్లు. పాత రకం వాటికి పైన ప్లాస్టిక్ తొడుగు, నెత్తిమీద ప్లస్ గుర్తులా గాట్లు ఉంటాయి. నెత్తి చదునుగా ఉండాలి. వేలితో మెల్లగా తడిమితే చపాతీ పొంగినట్టు కొంచెం ఉబ్బు తగిలినా, గాటు దగ్గర గోధుమరంగు పొక్కు కనిపించినా, ఆ బోర్డుని ఓవర్‌క్లాక్ చేయడం ఆలోచించకండి. ముందు వాటిని మార్పించండి. ఘన రకం కెపాసిటర్లు పొట్టిగా, గాట్లు లేకుండా, పైన రంగు ముద్రతో ఉంటాయి, అవైతే చాలా నయం. పాత రకం కెపాసిటర్ల పక్కన 105 డిగ్రీలని ముద్రించి ఉంటే ఆ వేడి దాకా పర్వాలేదనుకోకండి. పది డిగ్రీలు వేడెక్కిన కొద్దీ వాటి ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది ఎలక్ట్రానిక్స్ పనివాళ్లందరూ వాడే లెక్క.

బెసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రపు ఒడ్డు ఇళ్లల్లో వాడిన బోర్డైతే ర్యామ్ స్లాట్‌లు, స్క్రూల చుట్టూ పచ్చటి తుప్పు కూడా వెతకండి. ర్యామ్ కాళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, స్లాట్‌లని మెత్తటి బ్రష్‌తో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి తుడిస్తే సగం పిచ్చి సమస్యలు అక్కడే పోతాయి.

నాలుగు పిన్నులా, ఎనిమిదా

సాకెట్ దగ్గర పసుపు, నలుపు వైర్లతో ప్రాసెసర్‌కి విడిగా ఒక ప్లగ్ వస్తుంది. ప్రాసెసర్ 160 వాట్లు లాగుతుంటే, వీఆర్ఎం తన వేడి కింద ఇంకో 25, 30 వాట్లు కలుపుకుని ఆ ప్లగ్‌లోంచి దాదాపు 190 వాట్లు తీసుకుంటుంది. 12 వోల్టుల దగ్గర అది 16 ఆంపియర్లు. నాలుగు పిన్నుల ప్లగ్‌లో పసుపు వైర్లు రెండే, ఒక్కోదాని మీద 8 ఆంపియర్లు, అది ఆ పిన్ను మోయగలిగే అంచు. ఎనిమిది పిన్నులైతే ఒక్కోదానికి 4. మీ బోర్డుకి నాలుగే ఉంటే 130 వాట్ల లోపే ఆగండి. ప్లగ్ పీకి చూడండి, తెల్లటి ప్లాస్టిక్ గోధుమరంగులోకి తిరిగి ఉంటే అది ఇప్పటికే కాగుతోందని.

ఎస్‌ఎమ్‌పీఎస్ మీద 450 వాట్లని పెద్ద అక్షరాల్లో ఉన్నదాన్ని నమ్మకండి, పక్కన స్టిక్కర్ మీద 12 వోల్టుల లైనుకి ఎన్ని ఆంపియర్లని రాశారో చదవండి. అలాగే క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందా? పాత అద్దె ఇళ్లల్లో ఎర్తింగ్ సరిగా ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అది బాగు చేయించాకే మిగతా పని.

ఏమీ పెంచకుండా ఒకసారి పరీక్షించండి

డేటా బ్యాకప్ తీసుకోండి. వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో పెట్టుకుని, ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే ప్రైమ్95 ని అరగంట నడపండి, అదీ మధ్యాహ్నం రెండు గంటలకి, ఏసీ లేకుండా. డిసెంబరు రాత్రి బాగుందని పెట్టుకున్న సెట్టింగ్ మే నెలలో నిలబడదు. గది పది డిగ్రీలు వేడెక్కితే లోపల అన్నీ దాదాపు అంతే వేడెక్కుతాయి. మామూలు స్పీడులోనే ప్రాసెసర్ 80 దాటుతుంటే ముందు థర్మల్ పేస్ట్ మార్చండి, ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము తీయండి.

చాలా పాత బోర్డుల్లో వీఆర్ఎం వేడి చూపించే సెన్సార్ ఉండదు. పనిముట్లకి వాడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. కోవిడ్ అప్పుడు కొన్న నుదుటి మీద పెట్టేది దీనికి పనికిరాదు, అది ఒంటి జ్వరం పరిధి వరకే చూపిస్తుంది. మెరిసే లోహం మీద ఈ థర్మామీటర్ తప్పు చదువుతుంది కాబట్టి హీట్‌సింక్ మీద చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, ఆ ముక్క మీదే గురిపెట్టండి.

బయోస్‌లో మెల్లగా

ఏదైనా మార్చే ముందు ప్రతి పేజీనీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బయోస్ సెట్టింగ్‌లని మొదటికి తెచ్చే సీమాస్ క్లియర్ జంపర్ (బోర్డు మీది చిన్న పిన్నులు) ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి, సిస్టమ్ లేవకపోతే అదే దిక్కు.

వోల్టేజ్‌ని ఆటోలో వదలకండి. మల్టిప్లయర్ పెంచగానే కొన్ని బోర్డులు అవసరం లేకపోయినా వోల్టేజ్‌ని బాగా ఎక్కించేస్తాయి, వీఆర్ఎం మీద బరువు మీకు తెలియకుండానే పెరిగిపోతుంది. చేత్తో 1.2 దగ్గర పెట్టి, మల్టిప్లయర్ 38 తో మొదలుపెట్టండి. పావుగంట పరీక్ష, తర్వాత 39, 40 ఇలా. నీలం తెర వస్తే చిప్‌కి వోల్టేజ్ చాలలేదని, 0.01, 0.02 పెంచండి. నేను 1.35 దాటను. నీలం తెర కాకుండా ఫట్‌మని సిస్టమ్ ఆగిపోతే మాత్రం వోల్టేజ్ పెంచకండి, అది ఎస్‌ఎమ్‌పీఎస్సో వీఆర్ఎమ్మో తనను తాను కాపాడుకోవడం.

లోడ్ పడగానే వోల్టేజ్ కొంచెం కిందికి జారుతుంది, దాన్ని సరిచేసే లోడ్ లైన్ కాలిబ్రేషన్ అనే సెట్టింగ్‌ని మధ్యస్థంగా ఉంచండి. అన్నిటికన్నా పై మెట్టు పెడితే వీఆర్ఎం ఇంకా కాగుతుంది. ర్యామ్‌ని 1333 దగ్గరే వదిలేయండి, ప్రాసెసర్ తేలాక దాని సంగతి.

బోర్డు ఎక్కడ ఆగమంటుందో చదవడం

నా మొదటి బోర్డు జడ్68, నాలుగు ఫేజ్‌లు, హీట్‌సింక్ లేదు. ప్రాసెసర్‌తో వచ్చిన స్టాక్ ఫ్యాన్ తీసేసి నిలువు టవర్ కూలర్ పెట్టాను. 4.5 దగ్గర ప్రైమ్95 పెడితే ప్రాసెసర్ 62 డిగ్రీలే చూపించింది, చాలా సంతోషపడ్డాను. తొమ్మిదో నిమిషంలో సీపీయూ-జడ్‌లో మల్టిప్లయర్ 45 నుంచి ఒక్కసారిగా 16 కి పడింది. అర నిమిషం అక్కడే ఉండి మళ్లీ 45. మళ్లీ 16. ప్రాసెసర్ 62 లో ఉండగా ఇదేంటని అర్థం కాలేదు. మోస్‌ఫెట్‌ల మీద థర్మామీటర్ పెడితే 118.

జరిగింది ఇది. ఇంటెల్ స్టాక్ ఫ్యాన్ గాలిని కిందికి, బోర్డు మీదికి కొడుతుంది, అందులో కొంత వీఆర్ఎం మీదికి పోతుంది. టవర్ కూలర్ గాలిని బోర్డుకి సమాంతరంగా వెనక్కి తోస్తుంది. ప్రాసెసర్ చల్లబడింది, వీఆర్ఎమ్‌కి ఉన్న ఆ కాస్త గాలీ పోయింది. ఇది తెలియక ఇంకో రెండు నెలలు అలాగే వాడాను. ఒక రోజు చిన్న చప్పుడు, కాలిన వాసన, అంతే. రిచీ స్ట్రీట్‌లో రిపేరు చేసే పెద్దాయన చిత్తూరు వైపు మనిషి, బోర్డు తిప్పి చూసి, "ప్రాసెసర్ పోయిందని నా దగ్గరికి వచ్చేవాళ్లు తక్కువ సార్, బోర్డు పోయిందని వచ్చేవాళ్లే ఎక్కువ," అన్నాడు. ప్రాసెసర్‌కి ఏమీ కాలేదు. అదే ఇప్పుడు రెండో బోర్డులో ఉంది.

కాబట్టి పరీక్ష నడుస్తున్నంత సేపూ మల్టిప్లయర్ మీదే కన్నుంచండి. పని లేనప్పుడు 16 కి దిగడం మామూలే, అది కరెంటు ఆదా. లోడ్ మీద ఉండగా 45 నుంచి 40కో 38కో దిగి అక్కడే నిలిచిపోతే బయోస్‌లో ఉన్న పవర్ లిమిట్, అంటే వాట్ల హద్దు, తగులుతోంది. అందులో లాంగ్ డ్యూరేషన్ లిమిట్ అనేదాన్ని కొంచెం పెంచొచ్చు, వీఆర్ఎం చల్లగా ఉంటేనే. ప్రాసెసర్ వేడిగా లేకపోయినా మల్టిప్లయర్ 16 కి పడుతూ లేస్తూ ఉంటే వీఆర్ఎం ఇక చాలంటోంది. దాన్ని ఆపే సెట్టింగ్ ఏదైనా బయోస్‌లో కనిపించినా ముట్టుకోకండి. నేను వీఆర్ఎం పైభాగం 90 డిగ్రీలు చూపిస్తే అక్కడ ఆపేస్తాను.

వీఆర్ఎమ్‌కి గాలి

80 మిల్లీమీటర్ల పాత ఫ్యాన్ ఒకటి తీసుకుని, కేబుల్ టైలతో వీఆర్ఎం మీదికి గాలి కొట్టేలా కట్టండి. నా రెండో బోర్డులో ఈ ఒక్క పనితో 96 ఉన్నది 74 కి దిగింది. బోసి మోస్‌ఫెట్‌ల మీద వేడి లాగే అంటుడు టేపుతో చిన్న అల్యూమినియం హీట్‌సింక్‌లు అతికించొచ్చు. అతికించే ముందు ఆల్కహాల్‌తో తుడవండి, అర నిమిషం నొక్కి పట్టుకోండి. ఊడి గ్రాఫిక్స్ కార్డు మీద పడితే షార్ట్ అవుతుంది, అందుకని మరుసటి రోజు ఒకసారి వేలితో కదిపి చూసుకోండి.

ఇంకా పాతవి, ఏఎమ్‌డీవి

ఇంటెల్ కోర్ 2 రోజుల బోర్డుల్లో హద్దు ఎఫ్‌ఎస్‌బీ (ప్రాసెసర్‌ని చిప్‌సెట్‌తో కలిపే దారి క్లాక్) దగ్గర వస్తుంది. క్యూ6600 అంటే 266 ఇంటూ 9, 2.4 గిగాహెర్ట్జ్. ఎఫ్‌ఎస్‌బీని 333 చేస్తే 3.0. పీ35, పీ45 బోర్డులు అది సులువుగా చేస్తాయి, జీ31, జీ41 చాలాసార్లు అంతకు ముందే మొరాయిస్తాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ని 100 దగ్గర లాక్ చేయడం మర్చిపోకండి.

ఏఎమ్‌డీ ఎఫ్ఎక్స్-8350 ఏమీ పెంచకుండానే 125 వాట్లు. హీట్‌సింక్ లేని నాలుగు ఫేజ్‌ల 760జీ బోర్డులో అది మామూలు స్పీడు కూడా నిలబెట్టుకోలేక 1400 మెగాహెర్ట్జ్‌కి పడిపోవచ్చు. అలాంటి జత ఉంటే ఓవర్‌క్లాక్ కాదు, వోల్టేజ్ కొంచెం తగ్గించి చూడండి, సిస్టమ్ వేగం పెరిగినట్టే ఉంటుంది.

చివరి పని

నాది 1.26 వోల్టుల దగ్గర 4.2 తో ఆగింది. లెక్క ప్రకారం 130 వాట్ల చుట్టూ. వీడియో ఎడిటింగ్ చేసే మా పిన్ని కొడుకు రోజంతా దాని మీద పనిచేసినా మల్టిప్లయర్ కదలదు. మీ బోర్డు దగ్గర తేలిన అంకెల్ని, మల్టిప్లయర్, వోల్టేజ్, లోడ్ లైన్ మెట్టు, పరీక్షించిన రోజు గది వేడి, వీఆర్ఎం వేడి, అన్నీ ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ పక్క మూతకి లోపల అతికించండి. ఈ వయసు బోర్డుల్లో బోర్డు మీది సీఆర్2032 సెల్ అయిపోయి బయోస్ సెట్టింగ్‌లు మొత్తం చెరిగిపోవడం మామూలే, అప్పుడు మూత తీసిన మనిషి మీరు కాకపోయినా అంకెలు కళ్లెదుటే ఉంటాయి. వచ్చే ఏప్రిల్ చివర్లో మళ్లీ ఒక మధ్యాహ్నం అరగంట పరీక్ష పెట్టి, కొత్త వేడి అంకెల్ని తేదీతో సహా పాతవాటి కింద రాయండి.